తప్పులు పట్టే పని

శ్రోతలకు నమస్కారం.

ప్రోగ్రామింగ్ మగపిల్లల చదువని ఎవరన్నా అంటే నాకు ఎనియాక్ గుర్తొస్తుంది. 1946లో అమెరికాలో లోకానికి చూపించిన కంప్యూటర్ అది. గది నిండా యంత్రం, గాజు బల్బుల్లాంటి వాక్యూమ్ ట్యూబులు దాదాపు 18,000. దానికి తొలి ప్రోగ్రామర్లు ఆరుగురు ఆడవాళ్లు. చదువుకుందామంటే పుస్తకాల్లేవు. మొదట్లో యంత్రమున్న గదిలోకే రానివ్వలేదు. సర్క్యూట్ బొమ్మలు ముందేసుకుని దాని గుట్టు పట్టేశారు. ఎక్కడ తేడా వచ్చినా, ఫలానా ట్యూబు దగ్గరని చెప్పగలిగే దాకా వెళ్లారు.

మరి ఇప్పటి అమ్మాయిలు ఎక్కడ ఆగిపోతున్నారు? నన్నడిగితే, ఎర్ర అక్షరాల దగ్గర. నాలుగు లైన్లు రాసి రన్ నొక్కగానే తెరమీద ఎర్రగా ఎర్రర్ వస్తుంది. చూస్తే ఒక బ్రాకెట్ మూయలేదు, అంతే. కానీ నోటుపుస్తకంలో కొట్టివేత ఉండకూడదని చిన్నప్పటి నుంచీ విన్న పిల్ల, "ఇది నాకు రాదు" అనేసుకుంటుంది. ఇరవై ఏళ్లుగా కోడ్ రాస్తున్నవాళ్లకూ రోజూ అవే ఎర్ర అక్షరాలు. ఈ ముక్క వాళ్లు ముందుగా చెప్పరు!

పుట్టినరోజులు గుర్తుచేసే చిన్న యాప్ చేశారనుకోండి. ఇవాళ్టి తేదీ, నెల స్నేహితురాలి పుట్టినరోజుతో కలిస్తే గంట మోగాలి. బాగానే ఉంది. ఆమె ఫిబ్రవరి 29న పుట్టింది! లీపు సంవత్సరం కాకపోతే గంట మోగదు. కోడ్‌లో ఎర్రర్ లేదు, ఆలోచనలో ఉంది. లీపు కాని ఏడాది 28నే మోగించమని ఒక షరతు కలిపితే సరి.

ఇలాంటివి పెద్ద కంపెనీలకూ తప్పవు. 2014లో ఆపిల్ ఫోన్లలో హెల్త్ యాప్ వచ్చింది. ఒంటి లెక్కలు ఎన్నో రాసుకోవచ్చు, నెలసరి తేదీ తప్ప! మరుసటి ఏడాది చేర్చారు. ఆ యాప్ తయారైన బల్ల దగ్గర అడగాల్సిన ఆడవాళ్లు అడిగుంటే ఏడాది పట్టేదా?

మొదలుపెట్టడానికి ఎంఐటీ యాప్ ఇన్వెంటర్ అనే వెబ్‌సైట్ చాలు. ఉచితం. తెరమీద ఆదేశాల బ్లాకులు ఒకదానికొకటి తగిలిస్తే ఫోన్లో నడిచే యాప్ తయారవుతుంది. తర్వాత పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషకి వెళ్లండి. అక్కడ ఎర్ర అక్షరాలు పలకరిస్తాయి. కంగారుపడకుండా లైన్ నంబరు చూడండి. ఆ లైన్లో ఏమీ కనిపించకపోతే, దాని పైలైన్లో బ్రాకెట్ మూశారేమో చూసుకోండి.

సెలవు.