"అందులో ఏ పాట బాగుంటుంది?" అని మాత్రం అడక్కండి

నిన్న లైవ్‌లో నేను పింక్ ఫ్లాయిడ్ అనే ఇంగ్లీషు రాక్ బ్యాండ్ వాళ్ల ఆల్బమ్ గురించి నోరు తెరిచానో లేదో, కింద కామెంట్ పడింది. "అన్నా, అందులో ఏ పాట బాగుంటుంది? ఒక్కటి చెప్పు, విని చూస్తా." ఇదే ప్రశ్న నాకు ఎన్నిసార్లు వచ్చిందో లెక్క లేదు. అందుకే ఈ వీడియో. ఇకపై ఎవరడిగినా లింక్ పడేస్తా.

తప్పు అడిగినవాళ్లది కాదు లెండి. మనకి ఆల్బమ్ అంటే సినిమా పాటలు. "ఆల్బమ్ హిట్టు, సినిమా ఫట్టు" అంటాం కదా, ఆ ఆల్బమ్. ఐదారు పాటలు, ఒక్కోదానికీ సినిమాలో ఒక్కో చోటు. హీరో ఎంట్రీకొకటి, ఊటీకొకటి, సెకండాఫ్‌లో ఏడుపుకొకటి. వీటన్నిటినీ కలిపే దారం సినిమా. అది థియేటర్లో ఉంటుంది కాబట్టి ఇంట్లో పాటల్ని ఏ వరసలో విన్నా మనకి పోయేదేమీ లేదు.

నేను చెప్పే ఈ ఆల్బమ్‌ల వెనక సినిమా లేదు. పాటల వరసే సినిమా. అందులో ఏ పాట బాగుంటుందని అడగడం, "ఆ సినిమాలో ఏ సీన్ బాగుంటుందో చెప్పు, అదొక్కటే చూస్తా" అన్నట్టు.

అసలు ఆల్బమ్ అనే మాట ఎక్కణ్ణించి వచ్చిందంటే, పాత 78 స్పీడు రికార్డులు ఒక్కో వైపు మూడు నాలుగు నిమిషాలే పాడేవి. పెద్ద సంగీతం కావాలంటే నాలుగైదు రికార్డులు కొని, ఫొటోల పుస్తకం లాంటి దాంట్లో ఒక్కో అరలో ఒక్కోటి పెట్టుకునేవాళ్లు. అదీ ఆల్బమ్. మన పెళ్లి ఆల్బమ్‌కి చుట్టమే. పెళ్లి ఆల్బమ్ ఇస్తే మనం చేసే పని కూడా అంతేగా, వరసగా చూడం, మనం ఏ ఫొటోలో పడ్డామో వెతుక్కుంటాం.

1948లో అమెరికాలో కొలంబియా రికార్డుల కంపెనీ వాళ్లు ఎల్పీ, అంటే లాంగ్ ప్లే రికార్డు తెచ్చారు. నిమిషానికి ముప్ఫైమూడు చిల్లర చుట్లు, ఒక వైపు ఇరవై నిమిషాల పైన. ఇక్కడ జాగ్రత్తగా వినండి, ఎందుకంటే ఈ వీడియో మొత్తం దీని మీదే నడుస్తుంది. ఒక వైపు అయిపోగానే లేచి వెళ్లి రికార్డు తిప్పాలి. అంటే ఏంటి? ఇంటర్వెల్!

అవును, ఇంటర్వెల్. ఇంటర్వెల్ అంటే ఏమిటో ప్రపంచంలో ఎవరికైనా అర్థం కాకపోవచ్చు గానీ తెలుగువాడికి చెప్పాలా? ఇంటర్వెల్ బ్యాంగ్ సరిగ్గా పడకపోతే సినిమానే పోయిందంటాం. ఈ ఆల్బమ్‌లు చేసినవాళ్లకీ అదే తలనొప్పి. మొదటి వైపు ఆఖరి పాట ఏది పెట్టాలి? తిప్పిన తర్వాత మొదటి పాట ఏది? జనం సమోసా తిని మళ్లీ సీట్లోకి రావాలి కదా.

దీనికి తోడు రికార్డు కూడా ఒక షరతు పెడుతుంది. ఎల్పీ ఒక చుట్టు తిరగడానికి 1.8 సెకన్లు, ఎక్కడైనా అంతే. కానీ బయట అంచు దగ్గర ఆ చుట్టులో ప్లేయర్ సూది నడిచే గాడి సుమారు 90 సెంటీమీటర్లు ఉంటుంది. లేబుల్ దగ్గరికి వచ్చేసరికి అది 40 లోపే. అంతే సమయం పాటని సగం కన్నా తక్కువ చోటులో ఇరికించాలి. సన్నటి, పదునైన శబ్దాలు అక్కడ నలుగుతాయి. అందుకే హోరు పాటలు ముందు పెట్టి, నెమ్మదైనవి వైపు చివరికి నెట్టడం చాలామందికి అలవాటు. మనం "ఆహా, ఎంత అందంగా నెమ్మదించాడు" అని మురిసిపోయే చోట సగం పుణ్యం సూదిది.

[ఇక్కడ రికార్డు బొమ్మ, బయటి చుట్టు ఎర్రగా, లోపలి చుట్టు నీలంగా]

సరే, నా కథ చెప్తా. నాకు ముప్ఫై ఏళ్లు దాటేదాకా ఈ ఆల్బమ్‌లు అట్టల మీద బొమ్మలుగానే తెలుసు. ముఖ్యంగా ఆ ముక్కోణం టీషర్టు. నల్లటి అట్ట, మధ్యలో పట్టకం, అటువైపు రంగులు. కాలేజీలో నేనూ ఒకటి వేసుకు తిరిగాను, ఒక్క పాట వినకుండా! ఇన్నాళ్లకి ఒప్పుకుంటున్నా. అన్నట్టు ఆ అట్ట మీద రంగులు లెక్కపెట్టండి. ఏడు కాదు, ఆరే.

రెండేళ్ల కిందట మే నెలలో ఊరెళ్లాను. రాత్రి కరెంటు పోయింది. డాబా మీద నవారు మంచం, ఫోన్లో సిగ్నల్ లేదు, ఎప్పుడో డౌన్‌లోడ్ చేసి పెట్టిన ఆల్బమ్ ఒక్కటే ఉంది. పింక్ ఫ్లాయిడ్ వాళ్ల ది డార్క్ సైడ్ ఆఫ్ ది మూన్, ఆ ముక్కోణం అట్టదే. 1973, పది పాటలు, 43 నిమిషాలు. స్పీకర్లో పెట్టి పడుకున్నా.

ముందు ఏమీ వినపడలేదు. తర్వాత దబ్, దబ్... గుండె చప్పుడు. నాదే అనుకున్నా, మెట్లెక్కి వచ్చాను కదా అని. అది డ్రమ్ము. గుండెలా వినిపించేలా వాయించారు. ఆల్బమ్ దాంతో మొదలై, దాంతోనే అయిపోతుంది. అది అప్పుడు నాకు తెలీదు.

నాలుగో పాట మొదట్లో గోడ గడియారాలన్నీ ఒక్కసారి మోగుతాయి. కింద నుంచి అమ్మ, "ఎవరి అలారంరా అది, ఆపు!" ఆ గడియారాల్ని అలన్ పార్సన్స్ అనే సౌండ్ ఇంజనీర్ పాత గడియారాల షాపుకెళ్లి ఒక్కోదాన్నీ విడివిడిగా రికార్డు చేసి, తర్వాత కలిపాడు. లండన్ ఆబీ రోడ్ స్టూడియోలో. కంప్యూటర్ లేదు, అంతా టేపే.

ఇక ఐదో పాట. మొదటి వైపు ఆఖరిది. అంటే? ఇంటర్వెల్ బ్యాంగ్.

పియానో మీద ఒక ఆడగొంతు. మాటలు లేవు. క్లేర్ టోరీ అనే ఆవిడ ఒక ఆదివారం సాయంత్రం స్టూడియోకి వచ్చి పాడింది, 30 పౌండ్లు ఇచ్చారు. బ్యాండ్ వాళ్లు ఆవిడతో మాటలు వద్దన్నారు, చావు గురించి అన్నారు, అంతే. తన గొంతునే ఒక వాయిద్యం అనుకుని పాడి, ఇది వాళ్లు వాడుకోరులే అనుకుంటూ ఇంటికెళ్లిపోయింది. తర్వాత రికార్డుల షాపులో అట్ట మీద తన పేరు చూసుకుంది. చాలా ఏళ్ల తర్వాత కోర్టుకెళ్తే 2005లో రాజీ కుదిరి, పాట కట్టినవాళ్లలో ఆవిడ పేరూ చేరింది. ముప్ఫై ఏళ్లు పట్టింది!

ఆ పాట నడుస్తుండగా అమ్మ పైకి వచ్చింది, విసనకర్రతో. మంచం అంచున కూర్చుని కాసేపు విని, "ఎవరు పోయార్రా? ఎందుకలా ఏడుస్తోంది?" అంది. మా అమ్మకి ఇంగ్లీషు రాదు. ఆ పాట దేని గురించో నేను చెప్పలేదు, నాకే అప్పటికి తెలీదు. అర్థమైందా ఎందుకు నేను కామెంట్లలో అరుస్తున్నానో? ముందు ఆ గుండె చప్పుడు, తర్వాత ఆ గడియారాలు, వాటి తర్వాత ఈ ఏడుపు. ఇదొక్కటే కోసి రీల్‌లో పెడితే ఎవరో ఆవిడ గట్టిగా అరుస్తోంది, అంతే.

ఇంటర్వెల్ అయింది. ఇప్పుడు జనాన్ని సీట్లోకి లాగాలి. ఏం చేశారు? చిల్లర మోగించారు. మనీ అనే పాట, గల్లాపెట్టె చప్పుడుతో మొదలు. బ్యాండ్‌లో ఒకడైన రోజర్ వాటర్స్ భార్య కుండల పని చేసేది. ఆవిడ మట్టి కలుపుకునే గిన్నెలో నాణేలు విసిరి రికార్డు చేశాడు. నాణేలు, కాగితం చింపడం, గల్లాపెట్టె, ఇలా ఏడు చప్పుళ్లు. టేపుని స్కేలు పెట్టి కొలిచి, సమానంగా కత్తిరించి, అంటించి, గుండ్రంగా తిప్పారు. దర్జీ పని!

ఏడు చప్పుళ్లు ఎందుకంటే పాట ఏడు లెక్క. మన మిశ్రచాపు కూడా ఏడే. తకిట తకధిమి, తకిట తకధిమి అని తొడ మీద వేసుకోండి, ప్రతిసారీ ఆ టేపు చుట్టు మొదటికే వచ్చి పడతారు. వాళ్లు మిశ్రచాపు నేర్చుకున్నారని నేననట్లేదు, దయచేసి వాట్సాప్‌లో తిప్పకండి. గిటార్ సోలో దగ్గర ఏడు వదిలేసి నాలుగులోకి దిగుతారు. అక్కడ ఒక్కసారిగా ఊపిరాడినట్టుంటుంది. వినేవాడికి లెక్క తెలియక్కర్లేదు, ఒళ్లుకి తెలుస్తుంది.

ఇదంతా స్టూడియోలో ముక్కలు ముక్కలుగా అతికించింది కూడా కాదు. రికార్డు రావడానికి ఏడాది ముందే, 1972లో, మొత్తం వరసగా స్టేజీ మీద వాయించేశారు. మన నాటకాల వాళ్లు ఊరూరా ఆడి ఆడి పదును పెట్టుకున్నట్టు. అమెరికాలో ఇది నంబర్ వన్‌గా ఉన్నది ఒకే ఒక్క వారం. కానీ 1988 దాకా అక్కడి హిట్ ఆల్బమ్‌ల చార్టులో మొత్తం 741 వారాలుంది. ఓపెనింగ్స్ చూసి సినిమా తేల్చేవాళ్లు ఈ లెక్క రాసుకోండి.

ఇంటర్వెల్‌కి ఇంకో ఉదాహరణ చెప్పకుండా ఉండలేను. బీటిల్స్ అనే బ్యాండ్, ఆ స్టూడియో పేరే పెట్టిన ఆల్బమ్ ఆబీ రోడ్, 1969. మొదటి వైపు ఆఖరి పాట దాదాపు ఎనిమిది నిమిషాలు. ఒకే వరస మళ్లీ మళ్లీ, వెనక గాలివాన లాంటి హోరు పెరుగుతూ పెరుగుతూ... ఠక్. ఆగిపోతుంది. ముగింపు లేదు, టేపు కోసేశారంతే. మొదటిసారి నేను నెట్ పోయిందనుకుని రౌటర్ ఆపి ఆన్ చేశా, నిజంగా! అప్పట్లో వినేవాడు ఆ నిశ్శబ్దంలో లేచి, నడిచి, రికార్డు తిప్పి, సూది పెడితే, జార్జ్ హారిసన్ గిటార్, పొద్దు పొడుస్తున్న పాట. మధ్యలో ఆ నాలుగడుగులే తుఫాను రాత్రికీ తెల్లారడానికీ మధ్య ఉన్న దూరం. ఫోన్లో ఆ దూరం రెండు సెకన్లు.

టైమ్ చాలా అయిపోయింది, గబగబా చెప్పేస్తా.

సంగీతం నేర్చుకున్నవాళ్లకి: జాజ్ ట్రంపెట్ వాయించే మైల్స్ డేవిస్, ఆల్బమ్ పేరు కైండ్ ఆఫ్ బ్లూ, 1959. న్యూయార్క్‌లో, ఒకప్పుడు చర్చిగా ఉన్న స్టూడియోలో, రెండు రోజుల్లో అయిపోయింది: మార్చి 2, ఏప్రిల్ 22. మొదటి పాట వినండి. ఉన్న స్వరాలు మన ఖరహరప్రియవే. అప్పటిదాకా జాజ్‌లో కార్డ్స్, అంటే ఒకేసారి మోగే స్వరాల గుత్తులు, గబగబా మారిపోయేవి, వాయించేవాడు వాటి వెనక పరిగెత్తేవాడు. ఇక్కడ పదహారు ఆవర్తాలు ఒకే స్కేలు, తర్వాత ఎనిమిది అరమెట్టు పైన, మళ్లీ ఎనిమిది కిందికి. అంటే రెండు శ్రుతిలో పాడుతూ రెండున్నరకి వెళ్లి, తిరిగి రెండుకి రావడం. గమకాలు లేవు కాబట్టి దీన్ని రాగం అంటే మా గురువుగారు కొడతారు. కానీ ఒకే చోట కూర్చుని స్వరాల్ని తవ్వుకోవడం అంటే ఏంటో మనకి వాళ్లు చెప్పక్కర్లేదు. చిన్న తమాషా: మార్చిలో రికార్డు చేసేటప్పుడు టేపు మెషీను కాస్త నెమ్మదిగా తిరిగింది, దాన్ని మామూలు స్పీడులో ఆడించేసరికి మొదటి వైపు మొత్తం శ్రుతి కొంచెం పైకి పోయింది. 1992లో గానీ సరిచేయలేదు. అన్నేళ్లూ రికార్డు పెట్టుకుని వాయించినవాళ్లు తమ చెవులే బాగోలేవనుకుని ఉంటారు.

జోనీ మిచెల్ పాడిన బ్లూ, మార్విన్ గే పాడిన వాట్స్ గోయింగ్ ఆన్, రెండు ఆల్బమ్‌లూ 1971. వీటికి విడిగా వీడియో చేస్తా, రెండు వాక్యాల్లో చెప్తే పాపం తగులుతుంది. మార్విన్ గేది మాత్రం పాట ఎక్కడ అయిపోయి ఇంకోటి ఎక్కడ మొదలైందో తెలీదు, అది గుర్తుంచుకుని వినండి.

ఇక సెట్టింగులు. షఫుల్ ఆపండి. ఒక పాట చివర్లో ఇంకో పాటని కలిపేసే క్రాస్‌ఫేడ్ ఉంటే అదీ ఆపండి, పాటల మధ్య ఖాళీ రాకుండా ఆడించే ఆప్షన్ ఉంటే పెట్టండి. యాడ్స్ వచ్చే యాప్‌లో వద్దు. క్లేర్ టోరీ గొంతు ఆగగానే ఎవడో అప్పు ఇస్తానని అరుస్తాడు. ఫోన్ బోర్లా పెట్టండి.

డార్క్ సైడ్‌తో మొదలుపెట్టండి. ఐదో పాట అయ్యాక పాజ్ కొట్టి, లేచి వెళ్లి మంచినీళ్లు తాగి, వచ్చి కూర్చుని ప్లే నొక్కండి. మా అమ్మ ఆ రాత్రి రెండో వైపు కూడా మొత్తం విని, చివర్లో మళ్లీ గుండె చప్పుడు వస్తే, "మొదటికొచ్చిందిరా, ఆపెయ్" అని దిగి వెళ్లిపోయింది. అప్పటికి ఇంకా కరెంటు రాలేదు.