బొమ్మ వచ్చింది, మాట రాలేదు

సభకు నమస్కారం.

ఆదివారం సాయంత్రం టీ నగర్ రద్దీ దాటుకుని ఇంతమంది వచ్చారంటే, మీ ఇంటి బీరువాల్లో ఉన్న డిస్కుల గురించి మీకెంత బెంగ ఉందో అర్థమవుతోంది. తలా ఒక డిస్కు తెచ్చుకోమని చెప్పాం, చాలామంది చేతుల్లో కనిపిస్తున్నాయి. కాసేపు వాటిని కవర్లోనే ఉంచండి. ఈ ఫ్యాన్ల గాలికి దుమ్ము పడుతుంది. చివర్లో ఒకటి రెండు ఇక్కడే పెట్టి చూద్దాం.

నేను కోడంబాక్కంలో ఇరవై ఏళ్లుగా వీడియో ఎడిటింగ్ పని చేస్తున్నాను. ఈమధ్య నా దగ్గరికి వచ్చే పనిలో సగం పాత డీవీడీలే. పెళ్లి, ఒడుగు, సీమంతం, అన్నప్రాశన. డీవీడీ మొదట జపాన్‌లో 1996 నవంబరులో బయటికొచ్చింది. మన ఇళ్లలో పెళ్లి వీడియోలు క్యాసెట్ నుంచి డిస్కుకు మారింది ఆ తర్వాత కొన్నేళ్లకు. ఇప్పుడు కొత్త ల్యాప్‌టాప్‌లో డిస్కు పెట్టడానికి చోటే లేదు. అందుకని ఎంపీ4 చేయించి ఫోన్లో పెట్టుకుంటున్నారు, పెన్ డ్రైవ్‌లో వేసి పిల్లలకు పంపుతున్నారు. అప్పుడు నా దగ్గరికొచ్చి చెప్పే మాట ఒక్కటే. "కన్వర్ట్ చేయించామండీ. బొమ్మ బాగానే వస్తోంది, సౌండ్ రావట్లేదు. డిస్కు పాడైపోయినట్టుంది."

ఆ చివరి మాట గురించే నేనివాళ మాట్లాడాలని వచ్చాను. బొమ్మ శుభ్రంగా వచ్చి సౌండ్ ఒక్కటే రాకపోతే, తప్పు డిస్కుది కాకపోవడానికే ఎక్కువ అవకాశం. ఎందుకో చెప్తాను. డీవీడీలో బొమ్మ ఒక చోట, సౌండ్ ఇంకో చోట ఉండవు. రెండింటినీ 2048 బైట్ల చిన్న చిన్న పొట్లాలుగా కట్టి, ఒకదాని వెనక ఒకటి కలిపి పేరుస్తారు. నాలుగు పొట్లాలు బొమ్మవి, ఒకటి సౌండ్‌ది, మళ్లీ బొమ్మవి, అలా పోతుంటుంది. గీత పడితే, డిస్కు మీద పూత చెడిపోతే, రెండూ కలిసే దెబ్బ తింటాయి. బొమ్మ చదరాలు చదరాలుగా విడిపోతుంది, ఆగిపోతుంది. గీతకు సౌండ్ పొట్లాలు మాత్రం ఏరుకునే తెలివి లేదు కదా. కాబట్టి బొమ్మ బాగుంటే సౌండ్ కూడా డిస్కులో ఉండే ఉంటుంది. దారిలో ఎక్కడో ఆగింది. ఎక్కడ ఆగిందో తెలిసేదాకా దయచేసి ఏ డిస్కూ పారేయకండి. "కన్వర్ట్ అయిపోయింది కదా" అని పారేసినవాళ్లను చూశాను. తర్వాత నేను చేయగలిగింది ఏమీ ఉండదు. నాకు ఈ పనిలో కష్టంగా అనిపించేది అదొక్కటే.

సరే, వెతకడం ఎలా? ముందు కన్వర్ట్ చేసిన ఫైల్‌ను వదిలేయండి. అసలు డిస్కును కంప్యూటర్‌లో వీఎల్‌సీ ప్లేయర్‌లో పెట్టండి. డ్రైవ్ లేకపోతే యూఎస్‌బీ డీవీడీ డ్రైవ్ మన చెన్నై ఎలక్ట్రానిక్స్ బజారు రిచ్చీ స్ట్రీట్‌లో దొరుకుతుంది. వీఎల్‌సీనే ఎందుకంటే, రకరకాల సౌండ్‌ను విప్పే సరంజామా అంతా అది తనతోనే తెచ్చుకుంటుంది, కంప్యూటర్‌లో ఏముందో లేదో దానికి పట్టదు. అందులో సౌండ్ వచ్చిందా, సగం టెన్షన్ తీరినట్టే. తర్వాత టూల్స్ మెనూలో కోడెక్ ఇన్ఫర్మేషన్ అని ఉంటుంది, అది తెరవండి. కోడెక్ అంటే బొమ్మనూ సౌండ్‌నూ కుదించి, మళ్లీ విప్పే పద్ధతి. సౌండ్ ఏ రకమో అక్కడ రాసి ఉంటుంది. ఆ పేరు ఒక కాగితం మీద రాసుకోండి, దాన్ని బట్టే మిగతా కథ.

డీవీడీలో ఒకే వీడియోకు ఎనిమిది దాకా సౌండ్ ట్రాకులు పెట్టుకోవచ్చు. మనకు వచ్చే డిస్కుల్లో ఒకటో రెండో ఉంటాయి. కొన్ని స్టూడియోల వాళ్లు మొదటి ట్రాక్ ఖాళీగా వదిలేసి, రెండో దాంట్లో అసలు సౌండ్ పెట్టిన డిస్కులు నేను చూశాను. కన్వర్ట్ చేసే సాఫ్ట్‌వేర్‌కు మనం ఏమీ చెప్పకపోతే సాధారణంగా మొదటిదే తీసుకుంటుంది. వీఎల్‌సీలో ఆడియో మెనూలోకి వెళ్లి ట్రాక్ మార్చి చూడండి. ఇది అర నిమిషం పని.

ఇంకొకటి, ఫైల్ తప్పుగా ఎంచుకోవడం. డిస్కు తెరిస్తే వీడియో టీఎస్ అనే ఫోల్డర్, అందులో వీఓబీ ఫైళ్లు కనిపిస్తాయి. పేరు చివర సున్నా ఉన్నది మెనూ. మీ పెళ్లి ఫోటో వెనక పూలు తిరుగుతూ కనిపిస్తుందే, అది. దానికి చాలాసార్లు సౌండే ఉండదు. అసలు వీడియో ఒకటి నుంచి మొదలవుతుంది. ఒక్కో ఫైల్ ఒక గిగాబైట్ దాటకూడదని నియమం కాబట్టి ఒకటి, రెండు, మూడు, నాలుగు అని ముక్కలై ఉంటుంది. ఆ ముక్కలు విడివిడి వీడియోలు కావు, ఒకే వీడియో. వాటిని ఒక్కొక్కటిగా కన్వర్ట్ చేయకండి. మొత్తం ఫోల్డర్‌ను హ్యాండ్‌బ్రేక్ లాంటి సాఫ్ట్‌వేర్‌కు అప్పగించండి, అదే వరసగా కలుపుకుంటుంది. కొందరు వీఓబీ ఫైల్ పేరు చివర ఎంపీజీ అని మార్చేస్తే సరిపోతుందనుకుంటారు. అక్కడే సౌండ్ పోతుంది. కారణం చెప్తాను, నాకు ఈ విషయం తెలిశాకే చాలా చిక్కులు విడిపోయాయి.

డీవీడీలో బొమ్మను కుదించి దాచే పద్ధతి పేరు ఎంపెగ్-2. ఎంపెగ్ పద్ధతిలో సౌండ్‌కు తనదైన గది ఒకటి ఉంది. కానీ డీవీడీల్లో ఎక్కువగా వాడే డాల్బీ డిజిటల్, అంటే ఏసీ-3, ఆ ఇంటిది కాదు. బయట నుంచి వచ్చిన చుట్టం. అందుకని దాన్ని ప్రైవేట్ స్ట్రీమ్ అనే వేరే గదిలో ఉంచారు. సబ్‌టైటిళ్లు కూడా ఆ గదిలోనే ఉంటాయి. మామూలు ఎంపెగ్ మాత్రమే తెలిసిన సాఫ్ట్‌వేర్ తనకు తెలిసిన గది తలుపు తీసి, ఎవరూ లేరని వెళ్లిపోతుంది. పక్క గదిలో చూడదు. బొమ్మ రావడం, సౌండ్ రాకపోవడం వెనక ఉన్న రహస్యం చాలాసార్లు ఇదే.

కమాండ్ రాయడం అలవాటున్న పిల్లలు ఇక్కడ ఎవరైనా ఉంటే వాళ్లకొక మాట. ఎఫ్ఎఫ్ఎంపెగ్ అని, కమాండ్లతో వీడియోలు కన్వర్ట్ చేసే సాఫ్ట్‌వేర్ ఉంది. అది ఫైల్ మొత్తం చదివి ట్రాకులు లెక్కపెట్టదు. మామూలుగా మొదటి 50 లక్షల బైట్లు చూసి, అందులో దొరికినవే ఉన్నాయనుకుంటుంది. డీవీడీలో అది కొద్ది సెకన్ల వీడియో. ఆ కొద్ది సెకన్లూ స్టూడియో పేరు తిరిగే గ్రాఫిక్సే అయి, అక్కడ సౌండ్ లేకపోతే, ఈ వీడియోకు సౌండ్ ట్రాకే లేదని తేల్చేస్తుంది. ఎంతదాకా వెతకాలో చెప్పే ప్రోబ్‌సైజ్, ఎనలైజ్‌డ్యూరేషన్ అనే రెండు అంకెలు బాగా పెంచండి. దొరుకుతుంది.

ఇక ఎక్కువమందికి ఎదురయ్యేది ఫోన్ సమస్య. కంప్యూటర్‌లో సౌండ్ వస్తుంది, ఫోన్లో రాదు. సాఫ్ట్‌వేర్‌లో పాస్‌త్రూ అని ఉంటే ఏసీ-3ని ముట్టుకోకుండా అలాగే కొత్త ఫైల్‌లోకి తోసేస్తుంది. ఏసీ-3కి లైసెన్సు కట్టాల్సి ఉండేది కాబట్టి చాలా ఫోన్ల తయారీదారులు దాన్ని విప్పే ఏర్పాటు పెట్టలేదు. దాని పేటెంట్ల గడువు 2017లో తీరిపోయింది, అయినా ఇంకా పలకని ఫోన్లు ఉన్నాయి. హ్యాండ్‌బ్రేక్‌లో ఆడియో దగ్గరికెళ్లి పాస్‌త్రూ తీసేసి, ఫోన్లకు బాగా తెలిసిన సౌండ్ రకం ఏఏసీ అని, దాని పక్కన స్టీరియో అని ఎంచుకోండి. అంతే. కాగితం మీద మీరు ఎల్‌పీసీఎం, అంటే కుదించని సౌండ్, అని రాసుకున్నా ఇదే మందు, ఎందుకంటే డీవీడీ తరహా పీసీఎంను ఎంపీ4 తనలోకి రానివ్వదు.

ఇప్పుడు ఒక డిస్కు సంగతి చెప్తాను. పెరంబూరు నుంచి ఒకావిడ తెచ్చారు. వాళ్ల నాన్నగారి షష్టిపూర్తి. ఆయన రైల్వేలో పనిచేసి రిటైరయ్యారు. చిన్నప్పుడు ఊళ్లో నాటకాలు వేసేవారట. ఆ రోజు అందరూ పట్టుబడితే హార్మోనియం తెప్పించుకుని పద్యం పాడారు. ఆయన ఇప్పుడు లేరు. ఆవిడ ఫోన్లో చూపించారు. ఆయన కళ్లు మూసుకున్నారు, చెయ్యి పైకి లేచింది, పెదవులు కదులుతున్నాయి, హార్మోనియం తిత్తి ఆడుతోంది. ఫోన్లో సన్నని గాలి చప్పుడు తప్ప ఏమీ లేదు. "అప్పట్లో టీవీలో వేసుకున్నప్పుడు వినిపించిందండీ. కన్వర్ట్ చేసినవాళ్లు పోగొట్టారు" అన్నారావిడ. కోపంతో కాదు, దిగులుతో.

నేను ట్రాక్ చూశాను, ఉంది. రకం చూశాను, ఏఏసీయే. వినిపించకపోవడానికి కారణమే లేదు. హెడ్‌ఫోన్ పెట్టుకున్నాను. పద్యం వినిపించింది! కానీ వింతగా ఉంది. గొంతు నోటి నుంచి వస్తున్నట్టు లేదు, నా తల వెనక నుంచి, రెండు చెవుల చుట్టూ తిరుగుతున్నట్టు, ఒక చోట నిలవకుండా ఉంది. సౌండ్‌ను ఆడాసిటీ అనే సౌండ్ ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో తెరిచి, గీతలు విడివిడిగా కనిపించేదాకా పెద్దవి చేశాను. పైన ఎడమ చెవి గీత, కింద కుడి చెవి గీత. ఎడమ గీత పైకి లేచిన ప్రతి చోటా కుడి గీత అంతే లోతుకు దిగింది. అద్దంలో బొమ్మలా.

జరిగింది ఇది. ఆ రోజు వీడియో అతను మైక్ సెట్ వాళ్ల మిక్సర్ నుంచి కెమెరాకు వైరు లాగాడు. మిక్సర్ నుంచి వచ్చే బ్యాలెన్స్‌డ్ వైరులో ఒకే సౌండ్ రెండు తీగల మీద వస్తుంది, ఒకటి సూటిగా, ఒకటి తలకిందులుగా. అవతలి పరికరం ఒకదాంట్లోంచి ఇంకోదాన్ని తీసేస్తే దారిలో చేరిన రొద పోయి గొంతు మిగులుతుంది. మంచి ఏర్పాటే. కానీ చిన్న కెమెరాకు అది తెలియదు. దాని పిన్ను స్టీరియోది. సూటిగా వచ్చింది ఎడమకు, తలకిందులైంది కుడికి పంపింది. రెండు స్పీకర్లున్న టీవీలో రెండూ విడివిడిగా మోగాయి కాబట్టి వినిపించింది. ఫోన్‌కు ఉన్నది ఒక స్పీకర్. అది ఎడమనూ కుడినీ కలుపుతుంది. పైకి ఒకటి, కిందికి ఒకటి. కలిస్తే సున్నా. మైక్‌లోంచి వచ్చిందల్లా, అంటే ఆయన గొంతూ హార్మోనియమూ, మాయమైపోయాయి. ఎడమదీ కుడిదీ ఒకదాన్నొకటి మింగేశాయి.

బాగు చేయడానికి పట్టింది రెండు నిమిషాలు. కుడి వైపు తీసేసి, ఎడమ దాన్నే రెండు వైపులా పెట్టాను. ఆవిడ ఫోన్లోనే వేసి చేతికిచ్చాను. ఆయన రాగం మొదలుపెట్టేముందు చిన్నగా గొంతు సవరించుకున్నారు. ఆ చప్పుడు వినగానే ఆవిడ కుర్చీలో కూర్చుండిపోయారు. పద్యం అయ్యేదాకా మేమెవరం మాట్లాడలేదు.

ఈ జబ్బు పట్టుకోవడం మీ చేతిలో ఉంది. ఫోన్లో రాని సౌండ్ ఇయర్‌ఫోన్లో వస్తే ముందు దీన్నే అనుమానించండి. వీఎల్‌సీలో ఆడియో మెనూలో స్టీరియో మోడ్ ఉంటుంది. మోనో పెడితే మాయమై, లెఫ్ట్ పెడితే తిరిగొస్తే, ఇక అనుమానం అక్కర్లేదు. దీని చెల్లెలు లాంటిది మరొకటుంది. పాట, మేళం వినిపిస్తాయి, మాటలు మాత్రం వినిపించవు. అది 5.1 సౌండ్, అంటే ఆరు స్పీకర్లకు విడివిడిగా పంచిన సౌండ్, ఉన్న డిస్కుల్లో వస్తుంది. మాటలు ఎక్కువగా మధ్య స్పీకర్‌కు పెడతారు. కన్వర్ట్ చేసేటప్పుడు ముందున్న ఎడమ, కుడి మాత్రమే తీసుకుంటే మధ్యది పోతుంది. అక్కడ అన్నింటినీ కలిపి స్టీరియోగా దించమని చెప్పాలి.

ఇందాక నుంచి చెప్తున్నదంతా ఇంట్లో, స్టూడియోలో రాసిన డిస్కుల గురించే. కొన్న సినిమా డిస్కులకు కాపీ చేయకుండా తాళం ఉంటుంది, దాని జోలికి నేను వెళ్లడం లేదు.

ఒక్క పని మాత్రం ఈ వారంలోనే చేయండి. కన్వర్ట్ సంగతి తర్వాత, ముందు వీడియో టీఎస్ ఫోల్డర్‌ను ఉన్నదున్నట్టు హార్డ్ డిస్కులోకి కాపీ చేసుకోండి. నిండా రాసిన మామూలు డీవీడీ 4.7 గిగాబైట్లు. ఒక టెరాబైట్ హార్డ్ డిస్కులో అలాంటివి రెండు వందలు పడతాయి, మీ ఇంటివి, మీ అన్నదమ్ములవి, మీ వియ్యాలవారివి కూడా. ఇంట్లో రాసుకున్న డిస్కుల్లో మన వీడియో లోపలి రంగు పూత మీద రాసి ఉంటుంది, ఎండకూ వేడికీ ఆ పూత చెడిపోతుంది. మన మద్రాసు వేడి గురించి నేను చెప్పాలా. తుడవాల్సి వస్తే మెత్తని పొడి గుడ్డతో మధ్య నుంచి అంచుకు సూటిగా తుడవండి, గుండ్రంగా తిప్పకండి. గుండ్రంగా పడ్డ గీత ఒకే వరస మీద సాగుతుంది, ప్లేయర్‌కు దాటడం కష్టం.

సరే, ఇక చూద్దాం. మూడో వరసలో తాతగారూ, మీరు ఇందాకటి నుంచి కవరు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. మనవడి అన్నప్రాశనా? సౌండ్ అసలు లేదా, ఫోన్లోనే లేదా? తెలియదా, పర్వాలేదు. ఇటివ్వండి, అంచులు పట్టుకుని ఇవ్వండి. ముందు వీఎల్‌సీలో పెడుతున్నాను, ప్రొజెక్టర్ మీద కోడెక్ పేరు మీకందరికీ కనిపిస్తుంది. వెనకున్న బాబూ, ఒక్క నిమిషం ఫ్యాన్లు ఆపుతావా? విందాం.