శనగ గింజను పగలగొడితే ఏమవుతుంది? వీగన్ నిల్వ సరుకుల అసలు లెక్క

(తెర మీద: ఒకే ఒక శనగ గింజ, బాగా దగ్గరగా)

ఇది ఒక శనగ గింజ. ఈ వీడియో అంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

వీగన్ వంటింటికి, అంటే మాంసం, గుడ్లు, పాలు ఏవీ వాడని వంటింటికి, నిల్వ సరుకులు ఏవని వెతికితే ఎక్కడైనా ఒకటే పొడుగాటి జాబితా వస్తుంది. శనగలు, శనగపిండి, తెల్ల బియ్యం, బ్రౌన్ రైస్, అవిసె గింజలు, అవిసె పొడి, వాల్‌నట్స్... అన్నీ ఒకే వరసలో ఉంటాయి. పక్కన ఒకే మాట: "ఎండు సరుకే, ఏడాది ఉంటుంది." ఈ మాట చూసినప్పుడల్లా నాకు కడుపు మండుతుంది. అది నమ్మి రెండు కిలోల అవిసె పొడి తెచ్చుకున్న మనిషి కొన్నాళ్లకే సగానికి పైగా పారబోస్తాడు. ఆ తర్వాత వీగన్ తిండి మనకు కుదరదని వదిలేస్తాడు. తప్పంతా ఆ జాబితాది.

ఏ సరుకు చేతికి తీసుకున్నా రెండు ప్రశ్నలు వేసుకోండి. ఇందులో నూనె ఎంత? దీన్ని పగలగొట్టారా?

(తెర మీద: గింజ, పప్పు, పిండి, మూడు గాజు సీసాల్లో)

మూడూ అదే శనగ. గింజలో నూనె సుమారు 6 శాతం. పొట్టు గట్టిగా ఉన్నంతకాలం గాలి ఆ నూనెను అంత తేలిగ్గా తాకలేదు. పొడిగా, చల్లగా, మూత బిగించి ఉంచితే రెండేళ్ల దాకా రుచిలో పెద్ద తేడా ఉండదు. ఆ తర్వాత కూడా కుళ్లదు, మొండికేస్తుంది అంతే. దాని సంగతి తర్వాత.

పప్పు చేశారంటే పొట్టు పోయింది, గింజ రెండుగా చీలింది. ఏడాదిలోపు వాడేయండి. పిండి పట్టించారంటే గింజలో వేర్వేరు చోట్ల ఉన్న నూనె, దాన్ని విడగొట్టే ఎంజైములు కలిసిపోతాయి, ప్రతి రేణువుకూ గాలి తగులుతుంది. బయట మూడు నాలుగు నెలలే నమ్మండి. ఫ్రిజ్‌లో దాదాపు రెట్టింపు కాలం ఉంటుంది. నాలుక మీద చిటికెడు వేసుకుని చూడండి: చేదుగా, పాత నూనెలా అనిపిస్తే దాని పని అయిపోయినట్టే. వేయించినా ఆ చేదు పోదు.

ఇప్పుడు ఇదే లెక్క మిగతావాటికి వేద్దాం. రాజ్మా, మసూర్ లాంటివాటిలో నూనె 1 శాతం దగ్గరే. అందుకే అవి శనగ కన్నా నిబ్బరంగా ఉంటాయి. సోయా గింజలో సుమారు 20 శాతం, కాబట్టి నూనె తీయని సోయా పిండి ఫ్రిజ్‌లోనే ఉండాలి. మరి సోయా చంక్స్ సంగతేంటి? అవీ పిండితో చేసినవేగా, మరి ఏడాది ఎలా నిలుస్తాయి? నూనె తీసేశాక మిగిలిన పిండితో చేస్తారు కాబట్టి. మొదటి ప్రశ్నకు జవాబు "దాదాపు లేదు" అయితే రెండో ప్రశ్న అంత భయపెట్టదు. పైగా 100 గ్రాములకు 50 గ్రాముల దాకా ప్రోటీన్. నన్నడిగితే నిల్వకు దీన్ని మించిన సరుకు లేదు.

తెల్ల బియ్యం ఏళ్ల తరబడి నిలుస్తుంది, బ్రౌన్ రైస్ ఆరు నెలలకే వాసన మారుతుంది. తవుడులో ఉన్న నూనె వల్లే. ఆరోగ్యానికి మంచిదంటూ పది కిలోల బ్రౌన్ రైస్ బస్తా ఒకేసారి కొనకండి, నెలకు సరిపడా తెచ్చుకోండి. ఓట్స్‌లో నూనె ఎక్కువే గానీ, నొక్కే ముందు ఆవిరి పట్టి ఆ ఎంజైముల్ని చంపేస్తారు. అందుకే నిలుస్తాయి. అవిసె గింజలు గింజగా ఏడాది ఉంటాయి. పొడి చేస్తే కొన్ని వారాలే, అదీ ఫ్రిజ్‌లో. వారానికి సరిపడా మాత్రమే పట్టుకోండి. వాల్‌నట్స్ సరాసరి ఫ్రీజర్‌లోకి.

ఇప్పుడు మొండి శనగ.

(తెర మీద: గంటన్నర ఉడికినా గట్టిగా ఉన్న శనగలు)

వేడిగా, తేమగా ఉన్న చోట ఏడాది దాటిన గింజ ఎంత ఉడికించినా మెత్తబడదు. కణాలను అతికించి ఉంచే జిగురు పెక్టిన్. గింజలో కాల్షియం, మెగ్నీషియంలను పట్టి ఉంచే పదార్థం ఫైటేట్. నిల్వలో అది విరిగిపోయి ఆ రెండూ బయటికొస్తాయి, అవి ఆ జిగురును బిగించేస్తాయి. కుక్కర్ విజిల్స్ పెంచుకుంటూ పోతే పైన చీకిపోతుంది, లోపల రాయిలా ఉంటుంది.

దీనికి మందు ఉప్పు. "ఉప్పు వేస్తే గింజ ఉడకదు" అంటారు, ఈ అపోహ ఎన్ని ఇళ్లలో పాతుకుపోయిందో! లీటరు నీళ్లకు 15 గ్రాముల ఉప్పు వేసి 8 నుంచి 12 గంటలు నానబెట్టండి. ఉప్పులోని సోడియం ఆ కాల్షియం స్థానంలోకి చేరి పొట్టును మెత్తబరుస్తుంది. ఆ నీళ్లు వంపేసి, కడిగి, కొత్త నీళ్లలో ఉడికించండి. అయినా లొంగకపోతే ఉడికించే నీళ్లలో లీటరుకు పావు టీస్పూన్ వంటసోడా. అంతకు మించితే సబ్బు రుచి వస్తుంది, గింజ ముద్దవుతుంది. గింజను నిజంగా ఉడకనివ్వనిది పులుపు. టమాటా, నిమ్మరసం ఏదైనా గింజ మెత్తబడ్డాకే వేయాలి.

100 గ్రాముల ఎండు శనగ ఉడికాక 220 నుంచి 250 గ్రాములవుతుంది. ఉడికించిన శనగల 400 గ్రాముల టిన్నులో నీళ్లు వంపితే మిగిలేదీ దాదాపు అంతే. రోజుకు 80 గ్రాముల ఎండు గింజలు తినే మనిషికి నెలకు రెండున్నర కిలోలు చాలు. ఉడికించింది ఫ్రిజ్‌లో మూడు నాలుగు రోజులు, ఫ్రీజర్‌లో మూడు నెలలు.

రాజ్మా నిల్వ చేసేవాళ్లు ఇక్కడ జాగ్రత్త. అందులో లెక్టిన్ అనే విషపదార్థం ఉంటుంది. కనీసం 5 గంటలు నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, కొత్త నీళ్లలో కనీసం 10 నిమిషాలు తెర్లకాగనివ్వాలి. 30 నిమిషాలైతే ఇంకా నిశ్చింత. స్లో కుక్కర్‌లో పచ్చి రాజ్మా వేయొద్దు. ఆ కొద్దిపాటి వేడికి విషం పోదు, కొన్నిసార్లు పెరుగుతుంది కూడా.

పురుగు సంగతి. మీ ఇల్లు శుభ్రంగా లేక పురుగు పట్టిందనుకోకండి. చాలాసార్లు గుడ్లు పొలం నుంచో గోదాం నుంచో గింజతోనే వస్తాయి. శనగ మీద గుండ్రటి చిల్లు ఉందంటే లోపల పెరిగిన పురుగు బయటికొచ్చిన దారి అది. కొన్న వెంటనే గాలి చొరని సంచిలో కట్టి, మైనస్ 18 డిగ్రీల ఫ్రీజర్‌లో కనీసం నాలుగు రోజులు ఉంచండి. ఇక్కడ చాలామంది చేసే పొరపాటు ఒకటుంది: బయటికి తీయగానే సంచి విప్పుతారు. చల్లటి గింజ మీద గాలిలోని తేమ నీరై కూర్చుంటుంది, వారంలో బూజు పడుతుంది. గది వేడికి వచ్చేదాకా, అంటే దాదాపు ఒక రోజు, సంచి మూసే ఉంచండి.

డబ్బాలో వేసే ఆక్సిజన్ అబ్సార్బర్లు, అంటే లోపలి ఆక్సిజన్‌ను పీల్చేసే చిన్న పొట్లాలు, బాగా ఎండిన, నూనె తక్కువ ఉన్న సరుకులకే. తెల్ల బియ్యం, ఎండు గింజలు సరే. తేమ ఉన్న ఎండు పండ్లతో వేసి మూస్తే, గాలి లేని ఆ తేమలో బొటులిజం అనే ప్రాణాంతకమైన విషాహార జబ్బు తెచ్చే క్రిమి పెరిగే ప్రమాదం ఉంది. ఉప్పు, చక్కెరలతో వేస్తే అవి బండలా గడ్డకడతాయి. ఇక డబ్బాలు స్టవ్ పైన ఉన్న అరలో పెట్టకండి, రోజూ ఆవిరి, వేడి తగులుతూనే ఉంటాయి.

టైమ్ అయిపోతోంది, మిగతావి గబగబా.

బి12 విటమిన్ కోసం ఏ గింజనూ నమ్ముకోవద్దు. బి12 కలిపిన ఆహారం ద్వారా రోజుకు 3 మైక్రోగ్రాములు, లేదా రోజుకు 10 మైక్రోగ్రాముల మాత్ర, లేదా వారానికి 2000 మైక్రోగ్రాములది ఒకటి. న్యూట్రిషనల్ ఈస్ట్‌లో (వంటల్లో రుచికి చల్లుకునే ఎండు ఈస్ట్ రేకులు) కూడా బి12 కలిపితేనే ఉంటుంది, లేబుల్ చదవండి. ఉప్పు అయోడిన్ ఉన్నదే కొనండి. కాల్షియం కలిపిన సోయా పాలు గ్లాసులో పోసే ముందు బాగా కుదపండి, లేకపోతే కాల్షియం అడుగునే ఉండిపోతుంది. తెరిచాక ఫ్రిజ్‌లో వారం పది రోజులు. ఉబ్బిన టిన్ను, అంచు దగ్గర లోతుగా నొక్కుకుపోయిన టిన్ను రుచి కూడా చూడకుండా పారేయండి.

చివరగా మళ్లీ శనగే. టిన్నులోని ఆ చిక్కటి నీళ్లు వంపేయకండి. మూడు టేబుల్‌స్పూన్లు ఒక గుడ్డుకు సమానం, గిలక్కొడితే తెల్లటి నురగ వస్తుంది. వెంటనే వాడకపోతే ఐస్ ట్రేలో ఒక్కో గడికి ఒక టేబుల్‌స్పూన్ చొప్పున పోసి ఫ్రీజ్ చేయండి. కేక్ చేసే రోజున గుడ్డుకు మూడు గడులు తీసుకుంటే సరిపోతుంది.