స్త్రీగా మారే దారిలో ఏది ముందు, ఏది తర్వాత

సభాధ్యక్షులకు, ఈ సభను ఏర్పాటు చేసిన బరంపురం మిత్రులకు, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడల నుంచి శ్రమపడి వచ్చిన ట్రాన్స్ మహిళలకు, వారి వెంట వచ్చిన తల్లిదండ్రులకు నమస్కారం. నేను నర్సుగా పనిచేసినదాన్ని. మందుల మోతాదులు చెప్పే అధికారం నాకు లేదు, చెప్పను కూడా. ఏ పని తర్వాత ఏ పని పెట్టుకుంటే మీకు మేలో అంతవరకే మాట్లాడతాను.

సలహా కోసం వచ్చేవారు మొట్టమొదట అడిగేది ఆపరేషన్ ఎక్కడ చేస్తారు, ఎంతవుతుంది అని. ఏళ్ళ తరబడి అణచుకున్న కోరిక బయటపడినప్పుడు చూపు నేరుగా ఆఖరి మెట్టు మీద పడటం సహజమే. అయినా ఆపరేషన్ తేదీ పెట్టుకుని మిగతావన్నీ దాని చుట్టూ సర్దుకోవద్దని నా మనవి. ఆపరేషన్ అయి వచ్చాక ఏ ఇంట్లో ఉంటారు, ఎవరు చూసుకుంటారు, ఏ పని చేసుకుని బతుకుతారు, ఏ డాక్టరు అందుబాటులో ఉంటారు అన్నవి ముందు తేల్చుకుని, అక్కడి నుంచి వెనక్కి లెక్క వేసుకుంటూ రండి. చేశాక వద్దనుకుంటే వెనక్కి తీసుకోగలిగినవన్నీ ముందుకు, వెనక్కి తీసుకోలేనివన్నీ చివరకు వస్తాయి. అన్నీ అందరికీ అవసరం కావు కూడా. హార్మోన్లతో ఆగిపోయినవారు, చీర కట్టి పేరు మార్చుకుని అంతటితో తృప్తిగా ఉన్నవారు ఎవరికీ తీసిపోరు.

తల్లిదండ్రులకు ఒక మాట. మగబిడ్డగా పెరిగినవారు తనను స్త్రీగా ఎరగడం జబ్బు కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 జనవరి 1 నుంచి అమలు చేస్తున్న ఐసీడీ-11 అనే వ్యాధుల, ఆరోగ్య స్థితుల వర్గీకరణలో దీన్ని మానసిక రుగ్మతల నుంచి తీసివేసి లైంగిక ఆరోగ్యానికి చెందిన అధ్యాయంలో చేర్చింది. పెళ్ళి చేస్తే కుదురుకుంటాడన్న ఆశతో ఇంకొక ఆడపిల్ల జీవితాన్ని ఇందులోకి లాగవద్దు. మందులతోనో మాటలతోనో బిడ్డను 'మామూలుగా' మార్చేస్తామని చెప్పే వైద్యం వృత్తిధర్మానికి విరుద్ధమని జాతీయ వైద్య కమిషన్ 2022లోనే ప్రకటించింది. మానసిక వైద్యుడి దగ్గరకు తప్పకుండా వెళ్ళండి. మీ బిడ్డ మోస్తున్న దిగులును తగ్గించడానికి, హార్మోన్లకూ శస్త్రచికిత్సకూ అవసరమైన లేఖ రాయడానికి ఆయన కావాలి.

ఇల్లు, వేషం, పేరు విషయంలో తొందర లేదు. ముందు ఇద్దరు ముగ్గురు నమ్మకస్తుల మధ్య, తర్వాత పనిచేసే చోట, ఆ తర్వాత వీధిలో స్త్రీగా మెలగి చూడండి. గొంతుకు మాత్రం తొలినాళ్ళ నుంచే సాధన కావాలి, ఎందుకంటే ఒకసారి ముదిరిన గొంతును హార్మోన్లు మార్చలేవు. గడ్డం వెంట్రుకలకు లేజర్ కూడా నెలల తరబడి సాగే పని.

హార్మోన్ల గురించి కొంత వివరంగా చెప్పాలి, ఎక్కువమంది దెబ్బతింటున్నది ఇక్కడే కనుక. స్నేహితురాలు చెప్పిందని మందుల దుకాణంలో గర్భనిరోధక మాత్రలు కొని రోజుకు నాలుగేసి ఐదేసి మింగేవారు మన ప్రాంతంలో తక్కువేమీ కాదు. ఆ మాత్రల్లో సాధారణంగా ఉండే ఇథినైల్ ఎస్ట్రాడయాల్ అనే కృత్రిమ స్త్రీ హార్మోను వల్ల రక్తం గడ్డకట్టే ప్రమాదం ఎక్కువ. పైగా మామూలు ఎస్ట్రాడయాల్ రక్తపరీక్షలో అది తెలియదు కాబట్టి ఒంట్లో ఎంత ఉందో డాక్టరుకు అంతుచిక్కదు. వైద్యులు ఇచ్చేది ఎస్ట్రాడయాల్ అనే స్త్రీ హార్మోను, దానితోపాటు పురుష హార్మోనును అణచే మందు. రెండో మందు స్పైరనోలాక్టోన్ అయితే పొటాషియం, మూత్రపిండాల పరీక్షలు, సైప్రోటెరోన్ అయితే కాలేయ పరీక్షలు తప్పవు. మొదటి ఏడాది సుమారు మూడు నెలలకొకసారి రక్తపరీక్ష ఉంటుంది. మందుకు సరిపడా డబ్బు ఉండి పరీక్షలకు లేకపోతే, పరీక్షల డబ్బు కూడబెట్టుకున్నాకే మందు మొదలుపెట్టండి.

రాయగడ, కోరాపుట్, మల్కన్‌గిరి వైపు వారికి ప్రత్యేకంగా చెబుతున్నాను. ఈ జిల్లాల్లో సికిల్ సెల్ వ్యాధి, అంటే ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంకరపోయే వంశపారంపర్య వ్యాధి ఎక్కువ. ఆ వ్యాధిలో రక్తం గడ్డకట్టే స్వభావం ముందే ఉంటుంది. దానిపైన ఈస్ట్రోజెన్ (ఎస్ట్రాడయాల్ వంటి స్త్రీ హార్మోను) తోడైతే ప్రమాదం పెరుగుతుంది. 2023 జులైలో మొదలైన జాతీయ సికిల్ సెల్ నిర్మూలన కార్యక్రమం కింద ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో పరీక్ష చేస్తున్నారు. తొలి మాత్రకు ముందే అది చేయించుకుని ఆ కాగితం డాక్టరుకు చూపండి. క్షయకు రిఫాంపిసిన్ వాడుతున్నవారు ఆ సంగతి దాచవద్దు, ఆ మందు ఈస్ట్రోజెన్ ప్రభావాన్ని తగ్గిస్తుంది. చుట్ట, నిప్పు వైపు నోట్లో పెట్టుకుని తాగే అడ్డపొగ, పళ్ళకు రాసుకునే పొగాకు ముద్ద గుడాఖు, వీటిలో దేన్నీ చిన్న అలవాటు అనుకోకండి. పొగ రక్తం గడ్డకట్టడానికి తోడ్పడుతుంది, నికోటిన్ ఆపరేషన్ గాయాన్ని మాననివ్వదు. ఒక పిక్క మాత్రమే వాచి నొప్పి పెడుతున్నా, ఉన్నట్టుండి ఆయాసం, గుండెలో పోటు వచ్చినా వెంటనే అత్యవసర విభాగానికి వెళ్ళి, హార్మోన్లు వాడుతున్నానని మొదటి మాటగా చెప్పండి.

చర్మం మెత్తబడటం, రొమ్ములు మొలకెత్తడం 3 నుంచి 6 నెలల్లో మొదలవుతాయి. రొమ్ములు పూర్తిగా పెరగడానికి రెండు మూడేళ్ళు పడుతుంది. మాత్రలు రెట్టింపు చేస్తే ఆ కాలం సగం కాదు. ఇంకొక సంగతి నోరు తెరిచి అడగడానికి సిగ్గుపడతారు: హార్మోన్లు సంతాన శక్తిని తగ్గిస్తాయి, అది తిరిగి వస్తుందన్న హామీ లేదు. ఎప్పటికైనా తన రక్తం పంచుకున్న బిడ్డ కావాలని మనసులో ఏ మూలనైనా ఉంటే, మందు మొదలుపెట్టకముందే వీర్యం భద్రపరచుకునే విషయం డాక్టరుతో మాట్లాడాలి.

ఇక కాగితాలు. సరిహద్దు తెలుగువారి చిక్కు ఏమిటో ఒక ఫైలు తెరిస్తే తెలుస్తుంది. శ్రీకాకుళం జిల్లా బడిలో చదివిన పదో తరగతి సర్టిఫికెట్‌లో ఇంటిపేరు ముందు ఉంటుంది. గంజాం జిల్లాలో తీసుకున్న రేషన్ కార్డులో అదే ఇంటిపేరు చివరకు వెళ్తుంది. ఆధార్‌లో పొడి అక్షరం ఒక్కటే మిగులుతుంది. ఈ మూడింటినీ పాత పేరుతోనే ఒకే తీరుకు తెచ్చుకున్నాక కొత్త పేరు జోలికి వెళ్ళండి. 2019 నాటి ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల హక్కుల రక్షణ చట్టం, 2020 నాటి నియమాలు గుర్తింపు పత్రం ఇచ్చే అధికారాన్ని జిల్లా మేజిస్ట్రేటుకు ఇచ్చాయి. ఆ జిల్లాలో పన్నెండు నెలలు వరుసగా నివసించి ఉండాలన్నాయి. పని కోసం విశాఖకూ బరంపురానికీ మధ్య తిరిగేవారు ఏ జిల్లా నివాసులో ముందే నిర్ణయించుకోవాలి. ఆ నియమాల ప్రకారం మొదట ట్రాన్స్‌జెండర్ అన్న పత్రం, శస్త్రచికిత్స తర్వాత వైద్యాధికారి ధ్రువీకరణతో స్త్రీ అన్న సవరణ పత్రం వస్తాయి. చట్టాలు సవరణకు లోనయ్యేవే కనుక, అర్జీ పెట్టే ముందు జిల్లా సామాజిక భద్రతాధికారి కార్యాలయంలో ఆనాటి పద్ధతి అడిగి తెలుసుకోండి. ఆయుష్మాన్ భారత్ కింద ట్రాన్స్‌జెండర్ వ్యక్తులకు ఏటా 5 లక్షల రూపాయల వరకు వైద్యం అందించేలా 2022 ఆగస్టులో ఒప్పందం కుదిరింది. దానికీ ఈ గుర్తింపు పత్రమే ఆధారం కాబట్టి కాగితాల పని శస్త్రచికిత్సకు చాలా ముందే ముగియాలి.

నిర్వాణం గురించి, అంటే హిజ్రా సంప్రదాయంలో పురుషాంగాన్నీ వృషణాలనూ కోసివేసే ఆచారం గురించి, గురువులను కించపరచకుండా చెబుతాను. మీలో చాలామందిని ఇల్లు వెళ్ళగొట్టినప్పుడు అన్నం పెట్టింది వారే, ఆ రుణం పెద్దది. అయినా ఆసుపత్రి బయట జరిగే కోతలో రక్తస్రావంతో ప్రాణం పోయినవారున్నారు, మూత్రమార్గం మూసుకుపోయి జీవితాంతం బాధపడుతున్నవారున్నారు. వృషణాలు తీసివేశాక ఈస్ట్రోజెన్ కూడా వాడకపోతే ఎముకలు గుల్లబారతాయి. జమాత్ (హిజ్రా సమూహం) పెద్దలు ఈ సభలో ఉన్నారు. చేలాలను, అంటే మీ శిష్యురాళ్ళను, ఆసుపత్రికి మీరే దగ్గరుండి తీసుకెళ్ళమని చేతులు జోడించి అడుగుతున్నాను.

ఆసుపత్రిలో చేసే జననాంగ శస్త్రచికిత్సకు ముందు కనీసం ఆరు నెలల హార్మోన్ చికిత్స ఉండాలని, అది సరిపడనివారికి మినహాయింపు ఉంటుందని 2022లో వెలువడిన అంతర్జాతీయ ప్రమాణాలు సూచిస్తున్నాయి. యోని నిర్మాణం చేయించుకుంటే డైలేటరు అనే నున్నని కడ్డీలాంటి పరికరంతో మార్గాన్ని తెరిచి ఉంచుకోవాలి. మొదటి నెలల్లో రోజుకు పలుమార్లు, తర్వాత తగ్గినా ఏళ్ళ తరబడి. దానికి లోపల గడియ పడే గది, శుభ్రమైన నీళ్ళు, ఎవరూ తలుపు తట్టని అరగంట కావాలి. ఒకే గదిలో ఆరుగురు పడుకునే ఇంటికి తిరిగి వెళ్ళేవారు ముందు గది సంగతి చూసుకుని ఆ తర్వాత తేదీ అడగాలి. నీళ్ళ బకెట్లు మోయకూడని వారాల్లో నీళ్ళు తెచ్చేది ఎవరో, కూలి పోయిన నెలల్లో అద్దె కట్టేది ఎవరో పేరు పెట్టి రాసుకోండి.

అడ్వాన్సు కట్టే ముందు సర్జన్‌ను ఈ ప్రశ్నలు అడగండి: డిశ్చార్జి కాగితంలో, సవరణ పత్రానికి కావలసిన ధ్రువీకరణలో నా పేరు గుర్తింపు పత్రంలో ఉన్నట్టే రాస్తారా? ఆ ధ్రువీకరణ ఊరికి బయలుదేరకముందే చేతికిస్తారా? రాయగడ చేరాక అర్ధరాత్రి రక్తం కారితే ఏ నంబరుకు ఫోను చేయాలి, ఎత్తినవారికి తెలుగో ఒడియానో వస్తుందా? మళ్ళీ సరిచేయవలసి వస్తే ఖర్చు ఎవరిది? వీటికి సూటిగా జవాబు చెప్పని చోట డబ్బు కట్టకండి.