బ్యాంకు కాయిన్ రోల్స్‌లో వెండి వేట: ఏ బాక్సుకి డబ్బు పెట్టాలి?

నమస్కారం అండీ. నాణేలను కాగితంలో కట్టగా చుట్టి అమెరికా బ్యాంకులు ముఖవిలువకే ఇచ్చే కాయిన్ రోల్స్‌లో వెండి ఇంకా దొరుకుతుంది. కానీ ఏ రోల్ అడిగారన్న దాన్నిబట్టే ఉంటుంది ఫలితం.

నా ఓటు హాఫ్ డాలర్లకే, అంటే 50 సెంట్ల నాణేలకే. రోల్‌కి 20 నాణేలు, పది డాలర్లు. బాక్సుకి 50 రోల్స్, అంటే 500 డాలర్లు. ఖాతా ఉన్న బ్రాంచిలో ముందుగా ఆర్డర్ చెప్పుకోవాలి. డైముల్లో (పది సెంట్ల నాణేలు), క్వార్టర్లలో (25 సెంట్లవి) వెండి 1964తో ఆగిపోయింది. హాఫ్‌లలో 1964 దాకా 90 శాతం, 1965 నుంచి 1970 దాకా 40 శాతం వెండి ఉంది. పైగా కొట్లలో వీటిని ఎవరూ పెద్దగా వాడరు, అందుకే పాతవి ఇంకా మిగిలాయి.

రోల్ విప్పి నాణేలను దొంతరగా పెట్టి, అంచులు చూడండి. మామూలు నాణెం అంచున రాగి గీత కొట్టొచ్చినట్టు కనబడుతుంది. 90 శాతంది తెల్లగా మెరుస్తుంది. తంటా అంతా 40 శాతం వాటితోనే. అంచు బూడిదరంగులో ఉంటుంది, లైటు బాగా లేకపోతే చెయ్యి దాటిపోతుంది. తూకం వేద్దామంటే మామూలుది 11.34 గ్రాములు, 40 శాతంది 11.5. కాస్త అరిగితే ఆ తేడా కూడా పోతుంది, అందుకని ఇక్కడ సంవత్సరాన్నే నమ్మండి. 90 శాతంది 12.5 గ్రాములు కాబట్టి దానికి త్రాసు చాలు.

హాఫ్ మీద 1776–1976 అని చూసి సంబరపడిపోకండి. చెలామణీకి వదిలినవాటిలో వెండి లేదు. కలెక్టర్ల సెట్లలో వచ్చిన కొన్ని 'ఎస్' గుర్తు (శాన్ ఫ్రాన్సిస్కో టంకశాల అక్షరం) వాటిలోనే ఉంది. అలాగే 1992 నుంచి వచ్చిన 'ఎస్' ప్రూఫ్ (కలెక్టర్ల కోసం అద్దంలా మెరిసేలా చేసిన నాణెం) దొరికితే సంవత్సరం చూసి పారేయకండి, అంచు చూడండి. వెండి ప్రూఫ్‌కి రాగి గీత ఉండదు.

నికెల్ (ఐదు సెంట్ల నాణెం) బాక్సు వంద డాలర్లే, ఓపిక మాత్రం చాలా కావాలి. 1942 చివరి నుంచి 1945 దాకా వచ్చినవాటిలో 35 శాతం వెండి. బరువు మామూలు నికెల్ లాగే 5 గ్రాములు, కాబట్టి త్రాసు పనికిరాదు. వెనకవైపు భవనం గోపురం పైన పెద్ద అక్షరం పీ, డీ లేదా ఎస్ ఉందేమో చూడాలి.

విదేశీ నాణేలు కావాలంటే డైములు మేలు. కెనడా పది సెంట్లది దాదాపు అదే సైజు కాబట్టి రోల్‌లో కలిసిపోతుంది. అయస్కాంతానికి అంటుకుంటే 1968 తర్వాతి నికెల్ లోహందో, స్టీల్‌దో. కానీ 1920 నుంచి 1966 దాకా వచ్చిన 80 శాతం వెండివి అంటుకోవు, అసలు విలువ వాటికే. అందుకే అయస్కాంతంతో ఆగకుండా రాజు, రాణి బొమ్మలు చూడండి. పనామా దేశపు కరెన్సీ బాల్బోవా చిల్లర కూడా అమెరికా సైజులోనే ఉంటుంది, అదీ కలిసి వస్తుంది.

ఇండియాలో బ్యాంకు చిల్లర సంచుల్లో ఈ వేట దండగ. అక్కడ రూపాయి 1947లోనే నికెల్ లోహానికి మారిపోయింది.

ఫ్యాక్టరీ చుట్టిన రోల్స్ కంటే కస్టమర్లు చేత్తో చుట్టి ఇచ్చినవి అడగండి. ఇంట్లో డబ్బాలో మూలిగిన నాణేలు వచ్చేది వాటిలోనే. వెతికినవాటిని మాత్రం వేరే బ్యాంకులో వేయండి, లేకపోతే మీరు వదిలేసినవే మళ్ళీ మీ చేతికొస్తాయి. అక్కడ చిల్లర లెక్కపెట్టే కాయిన్ మెషీన్ ఉంటే, అది తిప్పికొట్టిన నాణేలు పడే గిన్నెలో ఓసారి చెయ్యి పెట్టండి. లోహం తేడా పసిగట్టి అది బయటికి తోసేవాటిలో వెండివీ, విదేశీ నాణేలూ ఉంటాయి.