ఎండలో పూసే కొండ: కడప చుట్టూ ఉన్న అడవికి ఏడాది ఎలా గడుస్తుంది?

[ఓపెనింగ్: మే నెల మధ్యాహ్నం. కడప–రాజంపేట రోడ్డు మీద నుంచి కొండలు. కెమెరా కదలకుండా అయిదు సెకన్లు. వాయిస్ తర్వాత మొదలు.]

ఈ షాట్ చూసి ఎవరైనా ఏమంటారు? "ఏముంది సార్ ఇక్కడ, రాళ్లు, ఎండిన కంప" అంటారు. మే నెలలో కడపకి వచ్చి 43, 44 డిగ్రీల ఎండలో ఈ కొండల్ని చూసిన వాళ్లు ఇంకోమాట అనలేరు కూడా. కానీ జూమ్ చేస్తున్నా, చూడండి.

[జూమ్: ఆకులు సరిగా రాని చెట్టు, కొమ్మల నిండా పసుపు పూలు, చుట్టూ తేనెటీగలు.]

ఇది ఎర్రచందనం. పేపర్లో స్మగ్లింగ్ వార్తల్లో దుంగలుగా చూసి ఉంటారు, పూలతో చూసినవాళ్లు తక్కువ. నేల కాలుతున్నప్పుడు, ఆరు నెలలుగా పెద్ద వాన లేనప్పుడు ఈ చెట్టు పూస్తోంది. నీళ్లు ఎక్కడివి? ఇప్పుడే పూయమని దానికి ఎవరు చెప్పారు? ఈ వీడియో అంతా దీని గురించే. జవాబు కోసం మనం మే నుంచి వెనక్కి, పోయిన అక్టోబరు దాకా పోవాలి.

[మ్యాప్: పెన్నా నది, దానికి ఉత్తరాన లంకమల, నల్లమల, దక్షిణాన పాలకొండలు, శేషాచలం, తూర్పున వెలిగొండలు.]

ముందు ఏ కొండల గురించి మాట్లాడుతున్నామో చెప్తా. కడప టౌన్‌కి దక్షిణాన పాలకొండలు. గువ్వలచెరువు ఘాట్ ఎక్కి రాయచోటికి పోతారే, అవే. అవి అలాగే పోయి శేషాచలంతో కలుస్తాయి. సిద్ధవటం దగ్గర పెన్నా కొండల మధ్య నుంచి దారి చేసుకుని పోతుంది, దానికి ఆ పక్క లంకమల. నెల్లూరు వైపు గోడలాగా వెలిగొండలు. వీటిలో లంకమల 1988 నుంచి అభయారణ్యం. శేషాచలంలో 1989లో శ్రీవేంకటేశ్వర నేషనల్ పార్క్ వచ్చింది. 2010లో ఆ కొండలన్నీ కలిపి 4,755 చదరపు కిలోమీటర్ల బయోస్ఫియర్ రిజర్వ్, అంటే జీవావరణ రక్షిత ప్రాంతం చేశారు.

ప్రపంచం మొత్తంలో ఎర్రచందనం సహజంగా పెరిగేది ఈ కొండల్లోనూ, వీటిని ఆనుకుని ఉన్న కొద్ది ప్రాంతంలోనూ. ఎందుకు ఇక్కడే అనేదానికి సగం జవాబు రాయి, సగం జవాబు వాన.

[కట్: జూలై. మబ్బులు పడమర నుంచి తూర్పుకి పరిగెత్తుతుంటాయి. వాన లేదు.]

వాన సంగతి చూద్దాం. జూన్‌లో టీవీ వాళ్లు "రుతుపవనాలు వచ్చేశాయి" అంటారు. కేరళలో కుండపోత. ఇక్కడ మబ్బు వస్తుంది, గాలి వస్తుంది, దుమ్ము వస్తుంది. వాన మాత్రం మొహం చాటేస్తుంది. నైరుతి గాలి పడమటి కనుమలు ఎక్కేటప్పుడే తడి చాలావరకు దించేసుకుంటుంది. ఇటు దిగేటప్పుడు వేడెక్కుతుంది, ఇంకా పొడిబారుతుంది. ఆ నీడలో పడింది మన రాయలసీమ. అనంతపురానికి ఏడాది మొత్తానికి దాదాపు 550 మిల్లీమీటర్లు, కడపకి సుమారు 700. ఆ తేడాలో పెద్ద భాగం రెండో వాన పుణ్యం. దాని దగ్గరికి వస్తా.

నైరుతిలో ఇక్కడ పడేది ఎక్కువగా సాయంత్రం ఉరుముల వాన. పొద్దున్నుంచి బండలు కాగుతాయి, వేడి గాలి వాలు వెంబడి పైకి లేస్తుంది, మూడు నాలుగు గంటలకల్లా కొండ నెత్తిన మబ్బు గోపురం కడుతుంది. ఒక కోనలో జోరువాన పడుతుంటే రెండు కిలోమీటర్ల అవతల రోడ్డు పొడిగా ఉంటుంది. అందుకే ఇక్కడి గొర్రెల కాపర్లు తల మీద ఆకాశాన్ని నమ్మరు. "కొండకాడ ఉరుముతాంది, వంక దాటొద్దు" అంటారు. వాళ్ల మాట వినండి. మీ మీద చినుకు పడకపోయినా వంక రావచ్చు.

[క్లోజప్: తడిసిన ఎర్ర మట్టి. వేలి పక్కన ఆరుద్ర పురుగు.]

ఈ మొదటి వానల్లో నేను వెతికేది దీన్ని. ఆరుద్ర పురుగు. ఎర్ర మఖమల్ ముక్క నడుస్తున్నట్టే ఉంటుంది. ఏడాదిలో ఎక్కువ కాలం మట్టిలోపలే ఉండి, మంచి వాన పడిన కొన్ని గంటలకి బయటికి వస్తుంది. అప్పుడే చెదపురుగులు రెక్కలు తొడుక్కుని లేస్తాయి. ఇది వాటిని తింటుంది, జత కడుతుంది, మళ్లీ మట్టిలోకి దూరుతుంది. మన పెద్దవాళ్లు దీనికి కార్తె పేరే పెట్టేశారు, జూన్ ఆఖర్లో వచ్చే ఆరుద్ర కార్తె. ఫోన్లో ఉన్న వాతావరణం యాప్ కంటే నాకు ఈ పురుగు మీద గురి ఎక్కువ. యాప్ వాన వస్తుందని చెప్తుంది, ఇది మట్టి లోపలిదాకా తడిసిందని చెప్తుంది.

[యానిమేషన్: కొండని నిలువునా కోసిన బొమ్మ. పైన పగుళ్లతో లేత రంగు రాయి, కింద నల్లని పొరలు.]

ఇప్పుడు రాయి. ఈ కొండల పైభాగం చాలాచోట్ల క్వార్ట్‌జైట్, అంటే ఒకప్పటి సముద్రపు ఇసుక గట్టిపడి అయిన రాయి. వంద కోట్ల ఏళ్లకి చాలా పైమాటే దాని వయసు. కడప పేరుతోనే భూగర్భ శాస్త్రవేత్తలు ఈ రాళ్ల కుటుంబాన్ని పిలుస్తారు. ఇళ్లలో వేసే కడప బండలు కూడా ఈ ప్రాంతం రాళ్లే. క్వార్ట్‌జైట్ సుత్తికి లొంగని గట్టి రాయి, కానీ నిలువునా పగుళ్లు. వాన నీళ్లు ఆ పగుళ్లలోకి దిగిపోతాయి. దాని కింద చాలాచోట్ల షేల్ అనే పలకరాయి పొర ఉంటుంది. అది నీళ్లని సులువుగా దిగనీయదు. జల్లెడ కింద పళ్లెం పెట్టినట్టన్నమాట. దిగిన నీళ్లు పళ్లెం మీద ఆగి, పక్కకి పాకి, కొండ వాలులో ఆ రెండు రాళ్లూ కలిసేచోట ఊటగా బయటపడతాయి.

మన కోనలు, గుండాలు చాలావరకు ఇలాంటి చోట్లే ఉంటాయి. శివుడి గుడి కూడా అక్కడే ఉంటుంది. లంకమల కోనల్లోకి నడిచిన వాళ్లకి తెలుసు, రెండు గంటలు చెమటలు కక్కి నడిచాక హఠాత్తుగా నేరేడు చెట్లు, చల్లగాలి, రాతి మీద నాచు. రాయి మారిందన్నమాట. మే నెలలో కూడా కొన్ని కోనల్లో తడి ఆరదు. మీరు అప్పుడు దోసిట్లో పట్టుకునేది నిన్నటి వాన నీళ్లు కావు, నెలల కిందట పడి పగుళ్లలో దాగినవి.

[కట్: అక్టోబరు చివర. బంగాళాఖాతం ఉపగ్రహ చిత్రం, సుడి తిరుగుతున్న మబ్బు.]

ఆ నెలల కిందట పడిందే ఇది, రెండో వాన. అక్టోబరులో గాలి దిశ మారుతుంది. ఈశాన్యం నుంచి వస్తుంది. బంగాళాఖాతంలో అల్పపీడనాలు, వాయుగుండాలు పుడతాయి. ఇవి గంటసేపు ఉరిమి పోయే రకం కాదు, రెండు మూడు రోజులు ముసురు. తూర్పు వాలులు ముందు తడుస్తాయి. వెలిగొండలు, శేషాచలం తూర్పు ముఖం దాటి పడమరకి వచ్చేకొద్దీ పదును తగ్గుతుంది. పడమట పాపాఘ్ని నది వైపు వాళ్లు దీన్ని ఒప్పుకుంటారు, వాళ్లకి ఏటా అదే బాధ.

ఇక్కడ ఒక ముఖ్యమైన విషయం. జూన్‌లో ఒక మోస్తరు వాన పడినా వంకలో పెద్దగా నీళ్లు కనపడవు, చాలావరకు కొండ తాగేస్తుంది. అదే వాన నవంబరులో పడితే? పగుళ్లు అప్పటికే నిండి ఉన్నాయి. మట్టి నిండి ఉంది. వాలు నిటారు, వంకలు పొట్టి. పడిన నీళ్లు పడినట్టే కిందికి దూకుతాయి.

[ఆర్కైవ్: చెయ్యేరు. వాయిస్ నెమ్మదిగా. మ్యూజిక్ వద్దు.]

2021 నవంబరులో జరిగింది అదే. ఆ నెల అంతా వానలు. 18, 19 తేదీల్లో వాయుగుండం మద్రాసు తీరం దగ్గర నేలని తాకింది. శేషాచలం, పాలకొండల నీళ్లు ఒక్కసారిగా చెయ్యేటిలోకి వచ్చాయి. పైన పింఛ ప్రాజెక్టు కట్ట తెగింది, 19వ తేదీ పొద్దున కింద అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట కొట్టుకుపోయింది. పులపత్తూరు, మందపల్లి లాంటి ఊళ్ల మీద నీళ్లు పడ్డాయి. పదుల మంది ప్రాణాలు పోయాయి. గేట్ల గురించి, నిర్వహణ గురించి జరగాల్సిన చర్చ వేరే ఉంది. అది ఉండగానే కొండ వైపు నుంచి కూడా దీన్ని చూడాలి. కరువు సీమ అని పేరున్న చోట వరద ఎందుకొచ్చింది అని చాలామంది ఆశ్చర్యపోయారు. ఏడాది వానలో పెద్ద భాగం కొద్ది రోజుల్లోనే పడే చోట కరువు, వరద పక్కపక్కనే ఉంటాయి.

[కట్: డిసెంబరు తెల్లవారుజాము. పెన్నా లోయ నిండా మంచు, పైన కొండ కొనలు ఎండలో.]

డిసెంబరు, జనవరి గురించి పెద్దగా చెప్పక్కర్లేదు, మీ రీల్స్ నిండా అవే. ఒక్క సంగతి. రాత్రి చల్లబడిన గాలి బరువెక్కి కిందికి జారుతుంది. అందుకే పొద్దున ఆరింటికి లోయలో ఉన్నవాళ్లు స్వెట్టర్లో వణుకుతుంటే కొండమీద వాళ్లకి ఎండ తగులుతుంటుంది. తొమ్మిదింటికి అంతా మామూలే.

గడ్డి వైపు చూడండి. నవంబరులో నడుములోతు పచ్చగా ఉన్న బోదగడ్డి సంక్రాంతికి పసుపు తిరుగుతుంది. చెట్లు ఆకులు రాల్చడం మొదలుపెడతాయి. శివరాత్రికి చలి శివశివా అని పోతుంది అంటారు కదా, ఆకులూ దానితోపాటే పోతాయి. తపసి చెట్టు తెల్లటి మానుతో బోడిగా నిలబడుతుంది, రాత్రి బండి లైటు పడితే ఉలిక్కిపడతాం.

[యానిమేషన్: చెట్టు మాను లోపల నీటి గీత. ఆకులు రాలుతుంటే గీత నెమ్మదిగా పైకి.]

మనం అడిగిన ప్రశ్నకి జవాబు ఇక్కడుంది. ఆకు అంటే చెట్టుకి ఖర్చు. ప్రతి ఆకు నుంచీ నీళ్లు ఆవిరవుతూనే ఉంటాయి. ఆకులన్నీ రాల్చేస్తే ఆ ఖర్చు ఆగిపోతుంది. వేర్లు లోతు పగుళ్లలోంచి కొద్దికొద్దిగా లాగిన తడి మానులో నిలవ అవుతుంది, మొగ్గ ఉబ్బడానికి అది చాలు. డిసెంబరు తర్వాత పగటి పొద్దు పెరగడం కూడా చెట్లకి ఒక గుర్తు. వాన పడకుండానే పూలొస్తాయి. ఫిబ్రవరి, మార్చిలో అడవి అంచున మోదుగ, పైన బండల మధ్య కొండగోగు. కొండగోగుకి ఒక్క ఆకు ఉండదు, కొమ్మ చివర అరచేయంత పసుపు పూలు. ఏప్రిల్, మే నెలల్లో రేల, ఎర్రచందనం. ఆకు అడ్డం లేదు కాబట్టి తేనెటీగకి దూరం నుంచే పువ్వు కనపడుతుంది.

ఒంటిమిట్టలో రాములవారి కల్యాణం చైత్ర పౌర్ణమికి. ఆ వారంలో భాకరాపేట దాటి వెళ్లేటప్పుడు ఒకసారి బండి ఆపి చెట్ల వైపు చూడండి. పూలు తొందరగా రాలిపోతాయి, ఆలస్యం చేస్తే దొరకవు.

[క్లోజప్: అరచేతిలో ఎర్రచందనం కాయ. గుండ్రం, పల్చన, చుట్టూ అల అంచు.]

ఆ పువ్వు కాయ అయి ముదరడానికి దాదాపు మళ్లీ ఎండాకాలం రావాలి. చూడండి, విత్తనం మధ్యలో ఒత్తుగా తగులుతోంది, చుట్టూ ఉన్నదంతా రెక్క. ఎండిపోయాక వేసవి గాలికి ఎగురుతుంది. ఎక్కడో బండ సందులో పడి వానకోసం కాచుకుంటుంది. అదే వాన రోజుల్లో రాలితే తడిసి బరువెక్కి తల్లిచెట్టు కిందే పడుండేది.

[కట్: మార్చి రాత్రి. దూరంగా కొండ మీద ఎర్రటి గీత.]

ఈ లెక్కంతా తప్పేది మంటతో. ఎండిన బోదగడ్డి, రాలిన ఆకు, వేడి గాలి. అంటుకోవడం ఎక్కువగా మన చేతులతోనే. ఆర్పకుండా పారేసిన బీడీ, కొత్త గడ్డి వస్తుందని పెట్టే నిప్పు, గుడికి పోయినవాళ్లు వండుకుని వదిలేసిన పొయ్యి. ముదురు చెట్టు మందపాటి బెరడుతో తట్టుకుంటుంది. మోకాలెత్తు మొక్క తట్టుకోదు. అడవి శాఖ ఎండలు ముదరకముందే ఫైర్ లైన్లు గీస్తుంది, అంటే గడ్డి, ఆకు తీసేసిన ఖాళీ పట్టీలు. ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా ఉపగ్రహంలో కనపడిన మంటల్ని ఫోన్ మెసేజ్‌గా పంపుతుంది. మెసేజ్ వచ్చాక కూడా ఆ గుట్ట ఎక్కాల్సింది మనిషే, కొమ్మతో కొట్టి ఆర్పాల్సిందీ మనిషే.

ఎలుగుబంటి సంగతి రెండు ముక్కల్లో. మే, జూన్‌లో తునికి, ఈత పండ్లు పండుతాయి, అది వాటికోసం పొద్దున, సాయంత్రం తిరుగుతుంది. ఆ వేళల్లో పండ్ల చెట్ల కింద మీరు ఉండకండి.

[చివరి భాగం: కెమెరా ముందు, బ్యాక్‌గ్రౌండ్‌లో చెక్‌పోస్టు.]

"అన్నా, ఎప్పుడు పోవాల?" అని కామెంట్లలో అడుగుతారు, ఇప్పుడే చెప్పేస్తా. జలపాతం కావాలంటే నవంబరు ఆఖరు నుంచి జనవరి, అదీ వాన ఆగి రెండు రోజులు గడిచాక. పూలు కావాలంటే మార్చి, ఏప్రిల్, పొద్దున ఆరు నుంచి తొమ్మిది లోపల, మనిషికి మూడు లీటర్ల నీళ్లతో. శివరాత్రికి కోనల్లో జనమే తప్ప అడవి కనపడదు, భక్తి ఉంటే పోండి. అభయారణ్యంలోకి అడవి శాఖ అనుమతి తీసుకుని, ఊరివాళ్లని ఒకరిని వెంటబెట్టుకునే పోవాలి. అగ్గిపెట్టె, సిగరెట్లు బండిలోనే వదిలెయ్యండి. నేలమీద కాయ దొరికితే చూసి అక్కడే పెట్టెయ్యండి, ఎర్రచందనం కర్రముక్క అయితే అసలు ముట్టుకోకండి. చెక్‌పోస్టు దగ్గర "ఇది రోడ్డు మీద దొరికింది సార్" అంటే ఎవరూ నమ్మరు.