అమ్మ పక్కన గుర్రం ఎందుకుంది?

చైనా లిపిలో 女 అంటే ‘ఆడమనిషి’. 马 అంటే ‘గుర్రం’. మొదటిది ఎడమన, రెండోది కుడిన ఇరికించి ఒకే అక్షరంగా (妈) రాస్తే ‘అమ్మ’. ఆడది గుర్రంలా చాకిరీ చేస్తుంది కాబట్టే అలా రాశారని చెప్పే వీడియోలు బోలెడున్నాయి. కథ బాగానే ఉంది, నిజం మాత్రం కాదు.

గుర్రాన్ని చైనా ప్రధాన భాష మాండరిన్‌లో ‘మా’ అంటారు, గొంతు బాగా కిందికి దించి. అమ్మను కూడా ‘మా’ అనే అంటారు, గొంతు పైన నిలిపి. గుర్రం అక్కడికొచ్చింది తన పలుకు అరువివ్వడానికే. పలుకు ‘మా’కు దగ్గరని కుడి ముక్క చెబుతుంది, సంగతి ఆడవాళ్లదని ఎడమ ముక్క చెబుతుంది.

ఇప్పుడు అదే గుర్రానికి ఎడమన ‘నోరు’ పెట్టండి. వాక్యం చివర ప్రశ్న కోసం తగిలించే ‘మా’ వస్తుంది, మన ‘వచ్చాడా’లోని దీర్ఘం లాంటిది. గుర్రం నెత్తిన రెండు నోళ్లు పెడితే తిట్టడం. పక్కన పురుగు పెడితే చీమ పేరులో మొదటి ‘మా’. రాయి పెడితే అంకె, కోడ్. చైనాలో క్యూఆర్ కోడ్‌ను పిలిచే పేరు చివర వినిపించే ‘మా’ ఇదే.

నూటికి ఎనభైకి పైగా అక్షరాలు ఇలా కట్టినవే. చెట్టు, కొండ, సూర్యుడు లాగా బొమ్మ నుంచి పుట్టినవి కొన్ని వందలే. ‘బొమ్మల లిపి’ అనే మాట ఎందుకు తప్పో ఇక్కడే తెలిసిపోతుంది.

అయితే కొత్త అక్షరం కనబడగానే కుడి ముక్క చదివేస్తే సరిపోతుందా? సరిపోదు. ముందుగా దెబ్బతినేది గొంతు స్థాయి, దాన్ని అసలు నమ్మొద్దు. ఒక్కోసారి హల్లు కూడా మారిపోతుంది. నదిని ‘జియాంగ్’ అంటారు. యాంగ్జీకి చైనాలో పేరు ‘చాంగ్ జియాంగ్’, అంటే పొడవాటి నది. ఆ అక్షరంలో ఎడమన నీళ్లు, కుడిన ‘పని’ అనే అర్థమున్న ‘గోంగ్’. గోంగ్ ఎక్కడ, జియాంగ్ ఎక్కడ! రెండు వేల ఏళ్లకు ముందు ఈ అక్షరం కట్టినప్పుడు రెండూ దగ్గరి పలుకులే. తర్వాత నోరు మారింది, రాత మారలేదు. మనమూ ‘ఋషి’ అని రాసి ‘రుషి’ అంటాం కదా, అక్కడ ఆ జారుడు వేల అక్షరాల్లో జరిగింది. హాంకాంగ్ వైపు మాట్లాడే కాంటనీస్‌లో మాత్రం నది ‘గోంగ్’, పని ‘గుంగ్’. పాత చుట్టరికం అక్కడ ఇంకా వినబడుతుంది.

కాంటనీస్ మాట వచ్చింది కాబట్టి ఇంకో అపోహ కూడా చూద్దాం: చైనాలో మాటలు వేరైనా రాత ఒకటేనని. ‘అతను కాదు’ అనేది మాండరిన్‌లో ‘తా బు షి’. కాంటనీస్‌లో ‘ఖొయ్ ఉమ్ హై’. మూడు మాటల్లో ఒక్కటీ కలవదు. బడిలో హాంకాంగ్ పిల్లలు నేర్చుకునేది మాండరిన్ వాక్యమే. దాన్ని కాంటనీస్ పలుకులతో ‘తా బత్ సి’ అని చదువుతారు. ఇంట్లో అలా ఎవరూ మాట్లాడరు. అంటే ఆ పిల్లలు చదవడంతో పాటు ఇంకో భాష వ్యాకరణం కూడా నేర్చుకుంటున్నారు. ‘రాత ఒకటే’ అన్న మాటలో ఈ శ్రమ ఎవరికీ కనబడదు.

మరి చాటింగ్‌లో ఇంటి మాటే రాయాలంటే? మళ్లీ పాత కిటుకే. పలుకు దగ్గరగా ఉన్న అక్షరం తీసుకుని, పక్కన నోరు తగిలిస్తారు. మన ‘యొక్క’కు సరిపడే ‘గే’ను ‘గేయ్’ అని పలికే అక్షరానికి నోరు చేర్చి రాస్తారు. ‘కాదు’ అనే ‘ఉమ్’కూ నోరే. అర్థం పట్టించుకోకు, పలుకు పట్టుకో అని ఆ నోటి గుర్తు చెబుతుంది. మాండరిన్‌లో కాఫీని ‘కాఫెయ్’ అంటారు, రెండక్షరాల పక్కనా చిన్న చిన్న నోళ్లు. ఈసారి చైనీస్ కేఫ్ బోర్డు కనబడితే చూడండి.